సైకిల్‌ని దాటడం కూడా ఓవర్‌టేకే: గోదావరి జిల్లాల రోడ్ల మీద సైకిళ్లూ బండ్లూ కలిసి నడిచే పద్ధతి

రావులపాలెం అరటి మార్కెట్‌కి పొద్దున్నే గెలల సైకిళ్లు బయల్దేరతాయి. క్యారియర్‌కి అటూ ఇటూ గెలలు వేలాడదీసి తాడుతో బిగిస్తారు. వెనక నుంచి చూస్తే సైకిల్ కనబడదు, గెలలే కదులుతున్నట్టు ఉంటుంది. కొన్నేళ్ల కిందట కాలవ గట్టు మీద అలాంటి సైకిల్ ఒకటి నా కారు ముందుంది. నాకేదో తొందర. హారన్ కొట్టాను, మళ్లీ కొట్టాను. ఆయన మెల్లగా దిగి, సైకిల్‌ని నడుముకి ఆనించుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"హారను కొట్టకండి బాబూ. ఉలిక్కిపడ్డానంటే గెలలతో సహా కాలవలోకే. అదిగో ఆ తూము దాటాక జాగా ఉంటది. అక్కడ నేనే సైడిస్తాను, ఆయ్."

తూము అక్కడికి ఓ రెండొందల మీటర్లు ఉంటుంది. ఆయన మళ్లీ ఎక్కాడు, నేను వెనకే వెళ్లాను, తూము దాటాక చెప్పినట్టే సైడిచ్చాడు. ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో రెండొందల మీటర్లు వెళ్లడానికి 48 సెకన్లు పడుతుంది. నేను నలభైలో వెళ్లి ఉంటే 18 సెకన్లు. తేడా అర నిమిషం. ఆ అర నిమిషం కోసం ఒక మనిషిని కాలవలోకి తోసేవాణ్ణి. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. నేను రోజూ పొద్దున సైకిల్ తొక్కుతాను, పగలంతా కారు నడుపుతాను. రెండు వైపుల నుంచీ తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట రోడ్డు వెడల్పు లెక్క తెలుసుకోండి

మన రోడ్లు ఇంత ఇరుగ్గా ఉండడానికి కారణం మన నీళ్లే. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలవలు వెళ్లాయి. ఒకప్పుడు ఆ కాలవల్లో పడవలు నడిచేవి. చాలా ఊళ్లకు ఆ కాలవ గట్లే ఇవాళ తారురోడ్లు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లంలో చేను, లేదంటే ఇళ్ల అరుగులు. రోడ్డు వెడల్పు చేద్దామన్నా చోటు లేదు. అందుకే సైకిల్ మీద వెళ్లేవాళ్లని "పక్కకి తప్పుకోవయ్యా" అనడం మన దగ్గర చాలాచోట్ల కుదరదు. తప్పుకోవడానికి పక్క అంటూ ఉంటే కదా.

ఇప్పుడు అంకెలు చూద్దాం. సైకిల్ హ్యాండిల్ వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కానీ సైకిల్ గీత గీసినట్టు పోదు. ప్రతి పెడలుకీ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, గాలి వీస్తే ఇంకొంచెం. తారు అంచు నుంచి ఓ మూర దూరంలో చక్రం పెట్టుకుని తొక్కే మనిషికి అంచు నుంచి లెక్కేస్తే 1.1 మీటర్ల దాకా చోటు కావాలి. ఆ మనిషికీ దాటే బండికీ మధ్య కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి, అంటే రెండు మూరల పైచిలుకు. మొత్తం 2.1 మీటర్లు సైకిల్‌ది.

ఒకే వరస ఉన్న పల్లె రోడ్డు ప్రమాణం 3.75 మీటర్లు. అందులో 2.1 పోతే మిగిలేది 1.65. మామూలు కారే అద్దాలు కాకుండా 1.7 మీటర్లు ఉంటుంది. అంటే ఆ రోడ్డు మీద కారు సైకిల్‌ని సరిగ్గా దాటలేదు. వెనక ఆగాలి, లేదా సైకిల్ మనిషి జాగా చూసి దిగాలి, మూడో దారి లేదు. 5.5 మీటర్ల రోడ్డయితే దాటొచ్చు, ఎదురుగా ఏదీ రాకపోతేనే. రెండు వరసల రోడ్డు 7 మీటర్లు ఉంటుంది, మన సగం 3.5. అందులో సైకిల్ 2.1 తీసుకుంటే మిగిలేది 1.4 మీటర్లే. స్కూటరు పడుతుంది, కారు పట్టదు. కారు మధ్య గీత దాటి అవతలి సగంలోకి వెళ్లాలి.

ఈ వ్యాసం మొత్తానికి మూలం ఇదే. లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మెడ సాచి ఎదురుగా చూస్తాం. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి అది ఓవర్‌టేక్ అన్న సంగతే గుర్తురాదు, పక్కనుంచి జారుకుందాం అనుకుంటాం. మన రోడ్ల మీద అలా జారుకునే చోటు లేదని అంకెలే చెబుతున్నాయి.

కారు, ఆటో, బస్సు నడిపేవాళ్లు: దాటే పద్ధతి

సైకిల్ కనబడగానే మొదట చేయాల్సింది యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం. బ్రేకు అక్కర్లేదు, కాలు తీస్తే చాలు. ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుంది.

తర్వాత ఎదర చూడండి. ఎంత దూరం ఖాళీ ఉండాలో చెబుతాను. సైకిల్ పదిహేనులో వెళ్తోంది, మీరు నలభైలో ఉన్నారు. పది మీటర్ల వెనక మొదలుపెట్టి పది మీటర్లు ముందుకెళ్లాక ఎడమకి రావాలంటే మీకు దాదాపు 4 సెకన్లు పడుతుంది. ఆ 4 సెకన్లలో మీరు నలభై మీటర్ల పైన వెళ్తారు. ఎదురుగా అరవైలో వచ్చే వ్యాను ఇంకో 65 మీటర్లు వచ్చేస్తుంది. రెండూ కలిపితే వంద దాటింది. కాబట్టి వంద మీటర్లకు పైనే, అంటే వరసగా మూడు కరెంటు స్తంభాల దాకా, ఎదురు ఖాళీగా ఉండాలి. మలుపు ఉందా, అరటి తోట అడ్డొచ్చి కనబడటం లేదా, వెనకే ఉండండి.

ఎదురుగా బండి వస్తుంటే పాటించాల్సిన నియమం ఒక్కటే. మీరూ, సైకిలూ, ఎదురు బండీ ముగ్గురూ ఒకేచోట కలవకూడదు. ఎదురు బండిని పోనివ్వండి, తర్వాత సైకిల్‌ని దాటండి. ముగ్గురూ ఒక వరసలోకి వచ్చినప్పుడు దెబ్బ తగిలేది ఎప్పుడూ మధ్యలో ఉన్న మీకు కాదు, అంచున ఉన్నవాళ్లకి.

హారన్ విషయం. అసలు కొట్టొద్దని నేను అనను. మన రోడ్ల మీద చిన్న హారన్ "వస్తున్నానండి" అన్న కబురు లాంటిది. అది ముప్పై మీటర్ల దూరం నుంచి, చిన్నగా, ఒక్కసారి ఇవ్వాలి. వెనక చక్రం పక్కకొచ్చి ఎయిర్ హారన్ నొక్కితే మనిషి ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడ్డ చెయ్యి హ్యాండిల్ తిప్పుతుంది. సాధారణంగా తల ఎటు తిరిగితే చెయ్యీ అటే పోతుంది. వెనక నుంచి చప్పుడొస్తే మనిషి కుడివైపు నుంచి తిరిగి చూస్తాడు. అంటే మీ బండి ముందుకే వస్తాడు.

ఖాళీ దొరికింది. అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, పూర్తిగా కుడికి జరగండి. సగం సగం జరగొద్దు. వేగం నలభై లోపైతే రెండు మూరల పైన, అంతకంటే ఎక్కువైతే మూడు మూరల పైన ఖాళీ వదలండి. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని చట్టమే ఉంది. మన దేశంలో 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు మీటర్ల లెక్క చెప్పవు. కానీ పాదచారులు, సైకిళ్లవాళ్లు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల భద్రత కోసం డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకోవాలని స్పష్టంగా చెబుతాయి. చిన్న బండివాడే తప్పుకోవాలన్న రూలు ఎక్కడా లేదు.

చివరగా, దాటగానే ఎడమకి కోయకండి. లోపలి అద్దంలో సైకిల్ మొత్తం, మనిషితో సహా, కనబడ్డాకే ఎడమకి రండి. ట్రాక్టరు ట్రక్కు వేసుకున్నవాళ్లూ, బస్సు డ్రైవర్లూ ఇంకా ఆగాలి. ఇంజను దాటినంత మాత్రాన వెనకున్న ట్రక్కు దాటినట్టు కాదు.

ఇంకో తప్పు ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు, సైకిల్ తొక్కే ప్రతివాడికీ తెలుసు. మీ ముందు ఒక ఆటో ఉంది. దాన్ని ఓవర్‌టేక్ చేయాలి. ఎదురుగా చూశారు, కారు లేదు, లారీ లేదు, ఒక సైకిల్ ఉంది. ఖాళీయే అనుకుని కుడికి వచ్చేస్తారు. ఆ సైకిల్ మీద ఉన్న మనిషికి తన దారిలో తన మీదికే వచ్చే కారు కనబడుతుంది. దిగడానికి మార్జిన్, అంటే తారు పక్కన మట్టి జాగా, ఉంటే దిగుతాడు, లేకపోతే గట్టు. నేను చాలాసార్లు అలా దిగాను. మట్టి గుల్లగా ఉన్నచోట ముందు చక్రం కూరుకుపోయి ఒకసారి పడ్డాను కూడా. ఎదురుగా సైకిల్ వస్తోందంటే రోడ్డు ఖాళీగా లేదు. దయచేసి ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

సైకిల్ తొక్కేవాళ్లు: ఎక్కడ తొక్కాలి, ఎలా తొక్కాలి

తారు అంచుని పట్టుకుని తొక్కడం క్షేమం అనిపిస్తుంది. కాదు. అంచున ఇసుక ఉంటుంది, గాజు పెంకులుంటాయి, తారు విరిగి బెత్తెడు లోతు మెట్టు ఉంటుంది. అక్కడ తడబడితే రోడ్డు మీదికే పడతారు. పైగా మీరు మరీ అంచుకి పోతే వెనక కారువాడికి "పట్టేస్తుంది" అన్న ఆశ పుడుతుంది. అంచు నుంచి ఒక మూర, మార్జిన్ బాగాలేని చోట మూరన్నర లోపలికి తొక్కండి. ఇరుకు రోడ్డు మీద, వంతెన మీద ఇంకొంచెం లోపలికి రండి. వెనకవాడికి ఆగాలని మీరు ఉన్న చోటే చెబుతుంది. జాగా రాగానే మీరే సైడివ్వండి, చెయ్యి ఊపి రమ్మనండి. ఆ గెలల బాబాయ్ నాకు చూపించింది ఇదే.

ఒకే గీతలో పోవడం అలవాటు చేసుకోండి. రోడ్డు పక్క బండ్లు ఆగి ఉన్నప్పుడు వాటి మధ్య ఖాళీల్లోకి దూరి మళ్లీ బయటికి రావద్దు. రాజమండ్రిలో దేవీచౌక్ నుంచి కోటగుమ్మం వైపు వెళ్తుంటే ఈ తప్పు చాలా కనబడుతుంది. దూరినప్పుడు వెనకవాళ్లు మిమ్మల్ని మర్చిపోతారు, బయటికొచ్చేసరికి మీరు ఊడిపడ్డట్టు ఉంటుంది.

వెనక్కి చూడటం నేర్చుకోవాలి. ఇది చాలామందికి రాదు, చూస్తే సైకిల్ కుడికి లాగుతుంది. బడి గ్రౌండులో ఒక సున్నపు గీత గీసుకుని, దాని మీద తొక్కుతూ గడ్డం కుడి భుజానికి ఆనించి వెనక్కి చూసి మళ్లీ ముందుకు చూడటం ఓ పావుగంట సాధన చేయండి. నాలుగు రోజుల్లో వస్తుంది. ఆ తర్వాత చెయ్యి చాపడం. కుడికి తిరగాలంటే మొదట వెనక్కి చూడాలి, తర్వాత కుడి చెయ్యి పూర్తిగా చాపాలి, మళ్లీ చూడాలి, అప్పుడు జరగాలి. చెయ్యి చాపగానే తిరిగేస్తే ఆ చెయ్యి ఎవరికీ ఉపయోగపడదు.

రాంగ్ రూట్ గురించి. 16వ నంబరు జాతీయ రహదారి మీద మధ్యలో డివైడర్ ఉంటుంది, దాటే సందు ఎక్కడో దూరంగా ఉంటుంది. పొలం నుంచి ఇంటికి అర కిలోమీటరు దూరం, సరిగ్గా వెళ్తే రెండు కిలోమీటర్లు తిరగాలి. ఎదురు తొక్కడం ఎందుకో నాకు అర్థమవుతుంది. కానీ లెక్క చూడండి. మీరు పదిహేను, లారీ అరవై. ఒకే వైపు వెళ్తుంటే అది మీ దగ్గరికి వచ్చే వేగం 45, ఎదురు వెళ్తుంటే 75. తప్పదనుకుంటే దిగి, తారుకి అవతల మార్జిన్‌లో నడిపించుకుని వెళ్లండి.

ఎదురు నుంచి ఎవరైనా ఓవర్‌టేక్ చేస్తూ మీ మీదికి వస్తుంటే పౌరుషానికి పోవద్దు. వేగం తగ్గించి, తారు అంచు మెట్టుని వాలుగా కాకుండా నేరుగా దిగి ఆగండి. మళ్లీ ఎక్కేటప్పుడూ అంతే. వాలుగా ఎక్కితే టైరు అంచుకి రాసుకుని సైకిల్ పడేస్తుంది. ఆగి, చూసి, నేరుగా ఎక్కండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. సైకిల్‌కి అద్దం లేదు, మీ చెవులే అద్దాలు.

సైకిల్ సిద్ధంగా ఉందా

ఇది త్వరగా చెప్పేస్తాను. రెండు బ్రేకులూ పట్టాలి. వెనక బ్రేకు ఒక్కటీ పని చేస్తే చాలని చాలామంది ముందుది వదిలేస్తారు, నిజానికి ఎక్కువ ఆపేది ముందుదే. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో నెలకొకసారి చూడండి. బెల్లు మోగాలి. గాలి సరిపడా ఉండాలి. చీర కొంగు, చున్నీ, పంచె చక్రంలో పడకుండా గార్డు బిగించుకోండి. పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు కట్టేవాళ్లు బరువు రెండు వైపులా సమంగా పంచండి. వెడల్పుగా ఉన్న సరుకు చివర్లకి ఎర్ర గుడ్డ కాదు, మెరిసే స్టిక్కరు కట్టండి. ఎర్ర గుడ్డ రాత్రి నల్లగానే కనబడుతుంది.

సెంటర్లలో

కాకినాడ భానుగుడి దగ్గరైనా, భీమవరం ప్రకాశం చౌక్ దగ్గరైనా సైకిళ్లకి ఎక్కువ ప్రమాదం ఎడమకి తిరిగే బండ్లతోనే. కారు సైకిల్‌ని దాటేస్తుంది, వెంటనే లెఫ్ట్ కొట్టేస్తుంది. నేరుగా వెళ్లే సైకిల్ దాని తలుపుకి గుద్దుకుంటుంది. కారు నడిపేవాళ్లకి మాట ఒక్కటే. యాభై మీటర్లలో ఎడమకి తిరగాల్సి ఉంటే సైకిల్‌ని దాటొద్దు, దాని వెనకే వెళ్లి తిరగండి. షేర్ ఆటో సోదరులకీ ఇదే చెబుతున్నాను. చెయ్యెత్తిన ప్రయాణికుణ్ణి చూడగానే ఎడమకి లాగే ముందు ఒక్క క్షణం అద్దం చూడండి.

సైకిల్ మీద ఉన్నవాళ్లు సిగ్నల్ దగ్గర బండ్ల ఎడమ పక్క నుంచి ముందుకు దూరకండి. ముఖ్యంగా లారీ, బస్సు పక్క నుంచి అసలు వద్దు. లారీ ఎడమ పక్కన, క్యాబిన్‌కి కింద ఉన్న చోటు డ్రైవరుకి కనబడదు. మీకు గుర్తు ఒకటే. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరూ ఆయనకి కనబడరు. ఇంకో సంగతి, లారీ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు చక్రం నాకు దూరంగా పోయింది కదా అనుకుని నిలబడితే వెనక చక్రం మీదికొస్తుంది. తిరిగే లారీకి లోపలి పక్క ఎప్పుడూ ఉండకండి.

పెద్ద సెంటర్లో కుడికి తిరగాలంటే మధ్యలోకి పోయి నిలబడక్కర్లేదు. ఎడమ పక్కనే నేరుగా అవతలికి వెళ్లి, దిగి, సైకిల్ తిప్పుకుని, ఆ వైపు బండ్లతో పాటు దాటండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నేను యాభై ఏళ్ల వయసులో అలాగే దాటుతున్నాను, నామోషీ ఏమీ లేదు.

ఆగి ఉన్న కారు తలుపు

మెయిన్ రోడ్లో కారు ఆపి, వెనక చూడకుండా తలుపు తీస్తారు. వచ్చే సైకిల్‌కి అది ఉన్నట్టుండి లేచిన గోడ. నెదర్లాండ్స్‌లో ఒక అలవాటు నేర్పుతారు. తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తలుపు తీయడం. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమ చేత్తో తీయాలి. అలా తీస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, కన్ను వెనక్కి పోతుంది. ఎడమ పక్క కూర్చున్నవాళ్లు కుడి చేత్తో తీయాలి. ఇప్పుడే కుర్చీలో కూర్చుని చేసి చూడండి, తేడా తెలుస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లు ఆగి ఉన్న కార్లకి ఒక తలుపు దూరం, రెండు మూరల పైన, వదిలి తొక్కండి.

రాత్రి, మంచు

డైనమో లైట్ల కాలం పోయింది. ఇప్పుడు ఛార్జింగ్ లైట్లు చవగ్గా దొరుకుతున్నాయి. ముందు తెలుపు, వెనక ఎరుపు. రెండింటిలో ఒక్కటే కొనగలిగితే వెనకది కొనండి. రోడ్డు మీద మీకు గుంటలు కొంతైనా కనబడతాయి. మీరు ఎవరికీ కనబడకపోవడమే పెద్ద ముప్పు. వెనక మడ్‌గార్డుకీ పెడళ్లకీ మెరిసే స్టిక్కర్లు అంటించండి. పెడళ్ల మీద ఎందుకంటే అవి పైకీ కిందకీ కదులుతాయి, కదిలే మెరుపు "ఇది సైకిల్" అని దూరం నుంచే చెబుతుంది.

పుష్యమాసంలో తెల్లవారుజామున కాలవల మీంచి మంచు లేచి రోడ్డుని కప్పేస్తుంది. ఆ టైములోనే పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, కడియం నర్సరీలకి పనికెళ్లేవాళ్లు సైకిళ్ల మీద ఉంటారు. కారులో ఉన్నవాళ్లు హైబీమ్ వేస్తే మంచు తెల్లగా మెరిసి ఇంకా కనబడదు, లోబీమ్‌లోనే మెల్లగా పోవాలి. యాభైలో వెళ్తుంటే బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. చూసి, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఆ సెకను అయిపోతుంది. బండి ఆగడానికి ఇంకో పద్నాలుగు, పదిహేను మీటర్లు. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. మీకు ముందు ఇరవై మీటర్లే కనబడుతుంటే యాభైలో వెళ్లకూడదు. ఎదురుగా సైకిల్ వస్తే డిమ్ చేయండి. ఎదురు కారుకి డిమ్ చేస్తాం, సైకిల్‌కి చేయం. ఆ వెలుగు కళ్లలో పడ్డాక కొన్ని సెకన్ల పాటు తొక్కే మనిషికి గట్టేదో కాలవేదో తెలియదు.

వాన, వడ్లు, బురద, చేపల నీళ్లు

మన డెల్టా రోడ్లకి ఉన్న కష్టాలు వేరే చోట ఉండవు. కోతల్లో, అంటే సార్వాకి కార్తీకం నుంచీ, దాళ్వాకి ఏప్రిల్‌లోనూ, రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. రైతుకి కళ్లం లేదు, ఆ కష్టం నాకు తెలుసు. కానీ రాత్రి రాశి మీద బరకం కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తేశాక ఆ రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. అన్నయ్యలారా, రాళ్లు తీసేయండి. రాశి చివరల్లో మెరిసే స్టిక్కరు అంటించిన డబ్బా ఒకటి పెట్టండి. వడ్ల దగ్గర రోడ్డు ఒక వరసే మిగులుతుంది, కాబట్టి మొదటి లెక్క ప్రకారం అక్కడ సైకిల్‌ని దాటడం కుదరదు. వడ్ల మీదుగా సైకిల్ తొక్కకండి, గింజలు గోళీల్లా చక్రాన్ని జార్చేస్తాయి.

భీమవరం, ఉండి ఊళ్ల వైపు చేపల, రొయ్యల బండ్ల నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. ఆ తడి గీత మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి, నేరుగా దాటేయండి. నాట్ల రోజుల్లో ట్రాక్టరు చక్రాల బురదా అంతే. తొలకరి చినుకులు పడ్డ మొదటి పావుగంట రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి మహా జారుడుగా ఉంటుంది. వానలో సైకిల్ రిమ్ము తడిసి, బ్రేకు నొక్కాక ఒకటి రెండు చుట్లు తిరిగితే గానీ పట్టదు. అందుకని ముందే మెల్లగా ఒకసారి నొక్కి వదలండి, నీళ్లు తుడుచుకుపోతాయి. కారువాళ్లు ఇది గ్రహించాలి. వానలో మీ ముందున్న సైకిల్ మీరనుకున్నంత త్వరగా ఆగలేదు. నీళ్ల గుంట వస్తే దాన్ని తప్పించడానికి కుడికి వస్తుంది. గుంట మీకు కనబడితే సైకిల్ కుడికి వస్తుందని ముందే అనుకోండి.

వంతెనలు, రైలు గేట్లు

యానాం – ఎదుర్లంక వంతెన మీదైనా, చించినాడ వంతెన మీదైనా నది గాలి పక్క నుంచి కొడుతుంది. లారీ దాటినప్పుడు మొదట గాలి మిమ్మల్ని బయటికి తోస్తుంది, అది వెళ్లిపోతుండగా లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి, కానీ మోచేతులు బిగించకండి. వంతెన మీద అతుకుల్నీ, కోటిపల్లి లైను లాంటి చోట్ల గేటు దగ్గర పట్టాల్నీ నేరుగా అడ్డంగా దాటండి. వాలుగా పోతే చక్రం సందులో పడుతుంది. కారువాళ్లు గేటు దగ్గరా, ఇరుకు వంతెన మీదా సైకిల్‌ని దాటొద్దు.

నరసాపురం – సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని నది దాటించే పడవ, ఎక్కేటప్పుడు గమనించారా, కారు దగ్గర్నుంచి సైకిల్ దాకా అన్నీ ఒకే చెక్క మీద మూరెడు దూరంలో నిలబడతాయి. ఎవరూ ఎవర్నీ తొయ్యరు. సరంగు చెప్పినచోట ఆగుతారు.

దెబ్బ తగిలితే

మొదట 108కి ఫోన్. తల, మెడ కదపకండి, గాభరాగా లేపి నీళ్లు పట్టకండి. సాయం చేసినవాళ్లని పోలీసులు ఇబ్బంది పెడతారన్న భయం వదిలేయండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

సైకిల్ మీద ఉన్నవాడికి బీమా లేదని చాలామంది ఊరుకుంటారు. గుద్దిన బండికి ఉండాల్సిన థర్డ్ పార్టీ బీమా మీకోసమే. పోలీసు స్టేషన్లో కేసు నమోదు చేయించి, బండి నంబరు రాసుకుని, సైకిల్‌ని రిపేరు చేయించకముందే ఫోటోలు తీయండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారానికి ఆరు నెలల్లోపు అర్జీ పెట్టాలి. గుద్దేసి ఎవరో తెలియకుండా పారిపోతే కేంద్ర పథకం కింద 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తున్నారు. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద మోటారు బండి ప్రమాదంలో గాయపడ్డవాళ్లకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో వైద్యం దొరుకుతుంది. సైకిల్ మీద ఉన్నవాళ్లూ అందులోకే వస్తారు.

పిల్లలకి నేర్పడం

తొమ్మిదో తరగతికి రాగానే పిల్లాడికి స్కూటీ ఇచ్చేసే ఇళ్లు పెరిగాయి. మైనరు బండి నడిపితే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. సైకిలే ఇవ్వండి. కానీ ఇచ్చి వదిలేయకండి. పక్కపక్కనే ముగ్గురు నలుగురు కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం పిల్లలకి ఆనందం. ఖాళీ రోడ్డు మీద ఫర్వాలేదు, వెనక చప్పుడు వినగానే ఒకరి వెనక ఒకరు రావాలని ముందే మాట్లాడుకోమనండి. ఎవరు ముందో, ఎవరు వెనకో కూడా. బడి వదిలిన టైములో ఆ దారిన వెళ్లే కారువాళ్లు ముప్పై దాటకండి. అరవైలో గుద్దితే తగిలే శక్తి ముప్పైలో కంటే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

మొదటి వారం పిల్లాడు ముందు, మీరు వెనక కొంచెం కుడికి తొక్కండి. వెనక బండ్లకి మీరే అడ్డు. మాట్లాడొద్దు, ఆగాకే చెప్పండి. రెండో వారం మీరు ముందు తొక్కండి, ప్రతి మలుపులో వెనక్కి చూడటం, చెయ్యి చాపడం మిమ్మల్ని చూసి నేర్చుకుంటాడు. మూడో వారం ఒంటరిగా పంపి, బడి ముందున్న సెంటర్లో దూరంగా నిలబడి చూడండి. వెనక్కి చూశాడా, చెయ్యి చాపాడా, ఆగిన ఆటో వెనక ఆగాడా, లేక దాని పక్కన ఎడమ సందులోకి దూరాడా.